సోముడి కుక్క ఏమైంది

భీమశంకరరావు స్థిమితంగా కూర్చోగా పదకొండేళ్లలో నేను ఒక్కసారే చూశాను. విశాఖ పోర్టులో మా ఇద్దరిదీ ఒకటే పని, టాలీ గుమాస్తాలం. ఓడలోంచి దిగే ప్రతి బస్తా, ప్రతి పెట్టె మీద మార్కా చూసి కాగితం మీద గీత పెట్టుకోవాలి. టీ వేళకి అందరం ఏ బస్తా మీదో కూలబడితే, వాడు నిలబడే తాగేవాడు. గ్లాసు ఖాళీ కాకముందే కాళ్లు కదిలేవి.

"కాళ్ల కింద నిప్పులు పోశారా ఏం?" అని నేను విసుక్కుంటే, "ఉత్తరం వచ్చిందేమోరా మూర్తీ, ఇంటిదాకా వెళ్లి చూసొస్తా" అనేవాడు. పోర్టు నుంచి సీతమ్మధారలో వాడి అద్దె ఇంటికి సైకిలు తొక్కి, పోస్టుమాను ఏం తెచ్చాడో చూసి, తిరిగి రావడం! ఈలోగా వాడి పెట్టెలు కూడా నేనే లెక్కపెట్టేవాణ్ణి. నా పేరు నరసింహమూర్తి. మాది కాకినాడ, వాడిది అమలాపురం దగ్గర పల్లె. 1972లో ఇద్దరం ఒకే నెలలో చేరాం కాబట్టి ఈ భోగం నాకే పట్టింది.

ఇంతకీ ఆ ఉత్తరాలు దేనికంటే, ఒక కుక్క కోసం.

నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చింది. భీమానికి పదకొండేళ్లప్పుడు మద్రాసు నుంచి 'చిరుగంట' అని పిల్లల వారపత్రిక వచ్చేదట. అందులో ఒక బొమ్మల కథ. సోముడు అనే పడవ కుర్రాడు, వాడి వెంట ఒక మచ్చల కుక్క. ఇద్దరూ కలిసి దీపస్తంభంలో దాక్కున్న దొంగల్ని పట్టుకోవాలి. పదిహేడో వారం చివరి బొమ్మలో కుక్క సముద్రంలోకి దూకింది, పెద్ద అల లేచింది, సోముడు రెండు చేతులూ చాచి అరుస్తున్నాడు. అంతే. పద్దెనిమిదో వారం పత్రిక రాలేదు. మరి ఎప్పటికీ రాలేదు.

"రాకపోతే ఏం? నీకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది" అన్నాను ఒకసారి, నోరు ఊరుకోక. అప్పుడు చెప్పాడు. ఆ వానాకాలమే వాడి సొంత కుక్క కాలవలో కొట్టుకుపోయింది. మూడు రోజులు గట్టు వెంట పిలుచుకుంటూ తిరిగాడు. దొరకలేదు. నాలుగో రోజున ఈ పత్రిక వచ్చింది, అందులోనూ కుక్క నీళ్లలోనే ఉంది. ఏడుస్తూ కూర్చుని పత్రికకి ఒక కార్డు రాశాడు. అయ్యా, దయచేసి ఈ కుక్కని చంపొద్దు, దానికి కథలో పేరు లేదు కాబట్టి మా కుక్క పేరు పెట్టుకోండి, అని.

"ఏం పేరు?" అన్నాను.

వాడు వెళ్లి సైకిలెక్కాడు. ఆ తరవాత నేను మళ్లీ నవ్వలేదు, కసురుకోవడం మాత్రం మానలేదు.

పత్రిక పోయినా, బొమ్మలు వేసినవాడు ఉంటాడు కదా, కుక్క బతికిందో చచ్చిందో వాడికి తెలుస్తుంది కదా, ఇదీ భీమం పట్టు. అయితే ఆ కథకి ఎక్కడా బొమ్మలేసినవాడి పేరు లేదు. ప్రతి వారం చివరి బొమ్మ మూలన ఒక చిన్న గుర్తు మాత్రం ఉంది. నెలవంక లాంటి ఒక వంపు, దాని మీద ఏటవాలుగా మూడు గీతలు. భీమం భూతద్దం పెట్టి నాకు చూపించాడు. చూడగానే ఇద్దరం ఒకే మాట అన్నాం. "మార్కా."

ఆ మాట మా ఉద్యోగం అన్నమాట. గోనె మీద మార్కా కుట్టినవాడిది కాదు, మోసినవాడిదీ కాదు. సరుకు ఏ కంపెనీదో ఆ కంపెనీది. కాబట్టి ఇది బొమ్మ గీసినవాడి గుర్తు అయ్యే ప్రసక్తే లేదు, బొమ్మల్ని లోహపు రేకు మీదికెక్కించి అచ్చుకి బ్లాకులు చేసిచ్చిన కంపెనీది అయ్యుంటుందని తేల్చేశాం. పెద్ద తెలివైనవాళ్లం కదా మరి. ఆ కంపెనీ దొరికితే వాళ్ల పాత రిజిస్టర్లో చిత్రకారుడి పేరు ఉంటుంది. ఇంకేం, మద్రాసులో బ్లాకులు చేసేవాళ్లందరికీ ఉత్తరాలు మొదలు.

ఒకరు మా గుర్తు కాదన్నారు. ఒకరు ధరల పట్టిక పంపారు. చాలామంది అసలు పలకలేదు. సెలవు దొరికితే చాలు మద్రాసు రైలెక్కేవాడు, సెలవు లేకపోతే పూర్ణామార్కెట్టు వెనక చిత్తుకాగితాల కొట్లలో దూరేవాడు. ముక్కు నిండా దుమ్ముతో బయటికొచ్చి, "ఏం లేదురా" అని, వెంటనే, "పక్క కొట్టు చూద్దాం" అనేవాడు. వాడి వెంట తిరిగి తిరిగి నా చెప్పులు అరిగిపోయాయి.

వాడి భార్య తాయారు నోరు మంచిది గనక సరిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఇనప్పెట్టె నిండా పాత పత్రికలే, పట్టుచీరలు మాత్రం మంచం కింద. ఒకనాడు నాకు కాఫీ ఇస్తూ అంది, "అన్నయ్యగారూ, ఆ కుక్క ఆనాడు బతికినా ఈపాటికి ముసలిదై పోయుండేది కదండీ. ఆ మాట మీరైనా చెప్పకూడదూ?"

వాకిట్లో చెప్పులు విప్పకుండా పచార్లు చేస్తున్న మనిషికి ఏం చెబుతాం?

1979లో ఒక ఉత్తరం వచ్చింది. 'చిరుగంట'లో అక్షరాలు కూర్చిన ముసలాయన తెనాలిలో ఉన్నాడని ఎవరో చెబితే భీమం ఆయనకి రాశాడు. ఆయన వణికే చేత్తో నాలుగు ముక్కలు రాశాడు. "బొమ్మలాయన పేరు జ్ఞాపకం లేదు. ఎవరో సముద్రపొడ్డు మనిషి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు." భీమం ఉత్తరం నా మొహాన విసిరాడు. "మద్రాసులో సముద్రపొడ్డు మనిషి కానివాడెవడ్రా?" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. మా కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

1983 ఏప్రిల్లో భీమానికి ఇంకో ఉపాయం తట్టింది. షెడ్డు గోడ మీద సుద్దతో ఆ గుర్తుని నిలువెత్తున గీశాడు. మద్రాసు నుంచి వచ్చే ఓడల గుమాస్తాలు ఎవరైనా పోల్చుకుంటారేమో అని. రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం కన్నబాబు అని ఓడల్లో సరుకు దించే కలాసీ, జాలారి కుర్రాడు, తువాలుతో మెడ తుడుచుకుంటూ గోడ ముందు ఆగిపోయాడు.

"ఏటి బాబూ, మా పైడయ్య మావ తెప్ప గుర్తు ఇక్కడెట్టినారు?"

భీమం చేతిలో టీ గ్లాసు కింద పడింది. "ఏమన్నావు?"

"తెప్ప గుర్తు బాబూ. మాలో ఇంటికో గుర్తుంటాది కదా. తెప్పకీ, తెడ్డుకీ, వలకీ అన్నిటికీ అదే ఎట్టుకుంటాం. మాకు సదువు నేదు కదా, ఏది ఎవులిదో తెలవాలంటే మరెలాగ?"

"మీ మావ బొమ్మలు వేస్తాడా?"

"ఏస్తాడు. ఒకప్పుడు మెడ్రాసులో ఏదో పెస్సులో ఉండీవోడంట. ఇప్పుడు పడవలకి రంగులేస్తన్నాడు. రుషికొండ కింద మా ఊరు."

ఓడలు ఆగే మా వార్ఫు మీద నిలబడితే ఎదురుగా రోజూ తెప్పలే. ప్రతి తెప్ప మీదా ఒక గుర్తు ఉంటుంది. పదకొండేళ్లపాటు గుర్తులు చదివి జీతం తీసుకున్న మేం వాటిని ఒక్కసారైనా చూడలేదు. అవి మా కాగితంలో ఎక్కే సరుకు కాదు కదా.

మర్నాడు ఆదివారం. మద్దిలపాలెంలో బస్సు కోసం గంటన్నర నిలబడ్డాం. భీమం భుజాన గుడ్డసంచీ, అందులో పదిహేడు పత్రికలు. ఆ గంటన్నరలో డిపో గేటు దాకా ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో చెప్పలేను. బస్సెక్కాక కూడా చోటున్నా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. దిగాక ఇసకలో నాకన్నా పాతిక గజాలు ముందు.

పైడయ్య ఇంటి ముందు బోర్లించిన పడవకి నీలం రంగు వేస్తున్నాడు. అరవై దాటినట్టున్నాడు. నల్లటి సన్నటి మనిషి, గోళ్ల నిండా రంగు. కన్నబాబు పేరు చెప్పగానే బ్రష్షు పడవ మీద పెట్టాడు. భీమం సంచీ విప్పి పదిహేడో పత్రిక ఆ చేతుల్లో పెట్టాడు. ముసలాయన చాలాసేపు కుక్క బొమ్మనే చూశాడు, వేలు మాత్రం తగలనివ్వలేదు, రంగు అంటుతుందని.

"నాదే," అన్నాడు. "మాటలు మాత్రం ఎవులో రాసీవోరు. నాకు రాయడం రాదు. పేరెట్టమంటే ఇంటి గుర్తెట్టీవోణ్ణి."

"మరి కుక్క?" అన్నాడు భీమం. "తరవాత వారం కుక్క ఏమైంది?"

పైడయ్య పడవకి ఆనుకున్నాడు. "అదో పెద్ద గొడవ బాబూ. కుక్క సచ్చిపోవాలని ఓనరు సెప్పినాడు. పిల్లలు ఏడిస్తే పత్రిక అమ్ముడవుతాదట. సచ్చినట్టే బొమ్మేసి ఇచ్చినాను. బ్లాకు కూడా అయిపోనాది. అప్పుడే ఎవులో గుంటడు కారటు రాసినాడు, కుక్కని సంపొద్దని. ఆఫీసులో ఒకడు పైకి సదివితే అందరూ నవ్వినారు. నాను ఇంకోపాలి సదవమన్నాను. మరి నాకు అన్నం ఎల్లనేదు. ఆ బ్లాకు తీసుకెల్లి సముద్రంలో ఇసిరీసినాను."

నేను భీమం మొహం వైపు చూడలేకపోయాను.

"ఆ రోజే గెంటీసినారు. ఆ వారం పత్రిక ఆగిపోనాది, అప్పటికే నడవనేక నడస్తంది, మరి లెగనేదు. పత్రిక ముంచీసినోడని నన్ను ఏ పెస్సులోనూ గుమ్మం ఎక్కనివ్వనేదు. ఇంటికొచ్చీసినాను. మరి బొమ్మలు నేవు. ఇదిగో, రంగులే." మళ్లీ బ్రష్షు తీసుకుని, "కుక్క సచ్చినట్టు ఎక్కడా అచ్చు పడనేదు కదా బాబూ. అంటే బతికున్నట్టే," అన్నాడు.

ఇక్కడితో లేచి వచ్చేస్తే బాగుండునని నా ఆశ. అడగవలసింది అడిగాం, కుక్క బతికింది, ఇంకేం కావాలి? భీమం చెయ్యి పట్టుకుని లాగాను కూడా. ఆ ముసలాయన బతుకులో బొమ్మలన్నీ ఒక పిల్లాడి కార్డుతో ఆగిపోయాయని తెలిశాక, ఆ పిల్లాడు ఎవరో చెప్పి ఎవరికి ఏం మేలు? భీమం చెయ్యి విదిలించుకున్నాడు.

"ఆ కార్డు రాసింది నేనేనండీ," అన్నాడు.

పైడయ్య బ్రష్షు ఆగింది. నీలం రంగు బొట్లుబొట్లుగా ఇసక మీద పడుతోంది.

"నా వల్ల మీ పని పోయింది," అన్నాడు భీమం.

"పోనాది," అన్నాడు పైడయ్య. మెత్తగా ఏం అనలేదు. "అబద్దమెందుకు, శానా ఏళ్లు ఆ గుంటణ్ణి తిట్టుకున్నాను. తుపానొచ్చి తెప్ప పోయిన్నాడు మరీను." భీమాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. ప్యాంటు, కళ్లద్దాలు, నెరుస్తున్న జుట్టు. "కారట్లో కుక్కకో పేరు రాసుంది. ఏటది?"

పదకొండేళ్లు నాకు చెప్పని పేరు.

"గవ్వ," అన్నాడు భీమం.

ముసలాయన తల ఆడించాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. తరవాత గుమ్మం వైపు తిరిగి పెద్దగా కేకేశాడు.

"ఒలే పోతమ్మా! గవ్వని సంపొద్దన్న గుంటడొచ్చినాడే! టీ ఎట్టు!"

లోపల గిన్నె చప్పుడు ఆగింది. ఆయన భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున బయటికి వచ్చింది. మా ఇద్దరినీ, మా వెనకా, పడవ అవతలా వెతికింది.

"ఏడీ గుంటడు?" అంది.

"నేనేనమ్మా," అన్నాడు భీమం. చెప్పులు విప్పాడు. ఆ పడవ పక్కన, ఇసకలో, మఠం వేసుకుని కూర్చున్నాడు. టీ అయ్యింది, ఇంకో టీ అయ్యింది, మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. లేవమని నేనూ అనలేదు.