నడుమ వదిలిన చోటు

ఫ్లెక్సులొచ్చి సైన్‌బోర్డుల పని పోయాక, మేం పెయింటర్లమంతా బెంగళూరు ఏజెంటు చేతికి చిక్కాం. హోటలు గదులకు, ఆసుపత్రి వరండాలకు బొమ్మలు కావాలట. బాగేపల్లిలో ఒకాయన గుడ్డ బిగించి తెల్లరంగు పూస్తాడు. చింతామణిలో నేను ఆకాశం, గోడలు, చెట్లు వేసి, నడుమ మనిషి పట్టేంత చోటు తెల్లగా వదిలేస్తాను. దాన్ని బస్సులో వేస్తే చిక్కబళ్ళాపురంలో నా పాత స్నేహితుడు అక్కడ మనిషిని నింపుతాడు. ఫ్రేము, కింద సంతకం బెంగళూరులో. ఆ సంతకం ఎవరిదో మాకు తెలీదు. అడిగే ఓపికా లేదు.

ఒకప్పుడు ఎన్నికలొస్తే నాయకుల ముఖాలు గోడనిండా గీసిన చెయ్యే నాది. "ముఖాల జోలికి నువ్వు పోవద్దప్పా, లేటయితాది" అన్నాడు ఏజెంటు. సరే, పోలేదు.

పెళ్లయినప్పటినుంచీ నా భార్యకు ఒకటే కోరిక, తన బొమ్మ నా చేత్తో వేయించుకోవాలని. "ఊరందరికీ ఏస్తావు, నాకు మాత్రం టైముండదు" అని దెప్పుతుంది. మొన్న ఆర్డర్లు లేనప్పుడు పెరటిగోడ ముందు కూర్చోబెట్టాను. పట్టుచీర కట్టుకుని, పొయ్యిమీద పప్పు సంగతి కూడా మరిచి కూర్చుంది పాపం.

పెచ్చులూడిన సున్నం, కనకాంబరాల మడి, తీగమీద ఆరేసిన తువ్వాలు, అన్నీ కుదిరాయి. కుంచె కడిగి, బొమ్మను చుట్టి బస్సులో వేయడానికి పాతగుడ్డ వెతుకుతున్నాను.

"ఏమప్పా, దీంట్లో నేను యాడుండాను?" అంది వెనకనుంచి.

నడుమ ఆమె అంత చోటు తెల్లగా ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఆ చోట ఎన్నిసార్లు వేసి తుడిచానో! ఇన్నేళ్లు చూసిన ముఖం నా చేతికి రాలేదు. ఏడుపొచ్చింది. చివరికి ఆమె ఫోటో ఫోన్లో పంపి, బొమ్మను చిక్కబళ్ళాపురం బస్సెక్కించాను.

స్నేహితుడు హోటళ్లకు వేసే ముఖమే వేసి పంపాడు. పెద్ద కళ్లు, సన్నటి ముక్కు. ఫోన్ చేస్తే, "ఫోటో ముందర పెట్టుకున్నా చెయ్యి ఆ ముఖానికే పోతాండాదిరా" అన్నాడు నీరసంగా. అతన్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది?

ఆమె దాన్ని హాల్లోనే తగిలించింది. వచ్చినవాళ్లు "ఎవురమ్మా ఈమె?" అని అడుగుతారు.

"ఆమె ఎవురో నాకూ తెల్దమ్మా," అంటుంది. "ఆ గోడ మాత్రం మాది. మా ఇంటాయన ఏసినాడు."