నున్నగా రుద్దిన ఉత్తరం

ఆదివారం ఆరాధన ముగిశాక మా పేటలో మగవాళ్లెవరూ నేరుగా ఇంటికి పోరు. గుడి పంచలో గోడకు వీపు ఆనించి కూర్చుని, కూడు ఉడికిందని ఇంట్లోంచి పిలుపు వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. మొన్నొక ఆదివారం ఎవరు కదిలించారో గుర్తులేదు కానీ, పెళ్లికి ముందు ఎవరు తమ పిల్లను మొదటిసారి ఎక్కడ కలిశారు, ఏం మాట్లాడారు అన్న ప్రస్తావన వచ్చింది. అంతే, పళ్లూడిన వాళ్లకు కూడా పదహారేళ్లు వచ్చేశాయి.

మా పేటకంతా పెద్దవాడైన తాత, గుండ్లకమ్మ నిండుగా పారుతుంటే ఎనుము తోక పట్టుకుని అవతలి గట్టుకు పోయి, తన పిల్లతో రెండు మాటలు మాట్లాడి వచ్చానన్నాడు. "సగం దూరం పోయినాక ఆ ఎనుమే నన్ను పట్టుకొని ఈదింది" అని కూడా అన్నాడు. ఆయన పక్కనున్న చిన్నాయన, దోర్నాల అడవి బాటలో తాను పిల్లకు నేరేడుపళ్లు కోసిస్తుంటే పెద్దపులి ఒకటి దూరంగా కూర్చుని మర్యాదగా చూసి పోయిందన్నాడు. నలభై ఎనిమిదేళ్ల నేను వాళ్ల ముందు కుర్రవాణ్ణే. అయినా కోతలు కోయడంలో మా పేటకు నేనే పెద్ద కాబట్టి అందరూ నా వైపు తిరిగారు.

"నేను చీల్చిన పలక ఎంత పలచనో మీకు తెల్సు గదా" అన్నాను. "అట్లాంటి పలక ఒకటి ఎత్తి పట్టుకుంటే, అవతల కూర్చున్న పిల్ల ముఖం ఇవతలికి కనపడింది. అదే మా మొదటి చూపు."

ఆడవాళ్ల వరుసలోంచి మా ఆవిడ గొంతు లేచింది.

"పలకలోంచి నా ముఖం కనపడిందంట! దాని మీద రాసిందే కనపడలేదు ఈ మనిషికి. జరిగింది చెప్పేదానికి సిగ్గేంది?"

సిగ్గేమీ లేదు. నా బతుకులో గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదే. కానీ నోటితో చెబితే నా నాలుక ఊరుకోదు, ఎక్కడో ఒకచోట పులిని తెచ్చి కూర్చోబెడుతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. రాసిన ప్రతి పుటా ఆవిడ చదువుతుంది కాబట్టి నమ్మవచ్చు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చే పని. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందు ఎక్కడుందో కంటికి కనపడదు, చెవికి వినపడుతుంది. ఉలి మొన ఆనించి సుత్తితో మెల్లగా కొడితే, రాయి ఒకచోట వేరే గొంతుతో పలుకుతుంది. అక్కడ కొట్టాలి. ఇంకోచోట కొడితే రాయీ పాడు, రోజూ పాడు. నా ఉలి కింద పగిలిన రాయి బహు తక్కువ. నేను చీల్చిన పలకలు చెన్నపట్నం పోయేవి, ఓడెక్కి రంగూన్ పోయేవి. ఎన్ని వేలమంది పిల్లలు నా రాయి మీద ఓనమాలు దిద్దారో లెక్క లేదు. ఇందులో గోరంత అబద్ధం లేదు.

చీల్చిన రాయి పక్కనున్న పాకలోకి పోతుంది. అక్కడ ఆడవాళ్లు దాన్ని తడిపి, ఇసుక చల్లి, రాతితో నున్నగా రుద్దుతారు. మేస్త్రి వచ్చి ఒక్కొక్క పలకా వెలుతురుకు పెట్టి చూస్తాడు. గరుకు ఉన్న చోట బలపంతో తెల్లగా గీతలు గీసి వెనక్కి పంపుతాడు. గనిలో పనిచేసే వాళ్లకు పలక మీద తెల్లగీత అంటే ఒకటే అర్థం: వంక ఉంది, మళ్లీ రుద్దు.

ఆ ఏడు వానలు మొహం చాటేస్తే కొనకనమిట్ల వైపు నుంచి చాలామంది కూలికి వచ్చారు. వాళ్లలో ఒక అవ్వ, ఆమె మనవరాలు. అమ్మానాయనా లేని పిల్ల. పేటలో గుడిసె వేసుకున్నారు. వరుసలు కలిపి చూస్తే నేను ఆ పిల్లకు బావనయ్యాను. బావనయ్యాక నాకు నోరు ఆగలేదు.

"నా చేతి పలక గవర్నరు దొర బిడ్డ కాడ ఉంది, తెల్సా? చానా బాగుందని దొర జాబు రాసినాడు" అన్నాను ఒకరోజు, రాళ్లు పాకలో దించుతూ.

ఆ పిల్ల రుద్దడం ఆపలేదు. "జాబు ఎవరు చదివి చెప్పినారు బావా?"

"ఒకరు చదివేదేంది? నేనే చదువుకున్నా. ఐదో తరగతి నేను."

నేను బడికి పోయింది ఒక్కటిన్నర రోజు. రెండోరోజు మధ్యాహ్నం కిటికీలోంచి దూకి మళ్లీ ఆ వైపు చూడలేదు. ఆ పిల్ల మాత్రం మిషను బడిలో నిజంగా ఐదు చదివింది. ఆమె నా వైపు తలెత్తి చూసింది అప్పుడే మొదటిసారి. ఆ చూపు కోసం నేను పది తరగతులైనా చదివేసి ఉండేవాణ్ణి, నోటితో.

అవ్వకు ఒక పట్టుదల ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆమె కొడుకు బతికున్నప్పుడు రోజూ కూడు తినేముందు ఇంట్లో బైబిలు వాక్యం చదివేవాడట. చదువు వచ్చినవాడికే మనవరాలినిస్తానని ఆమె పంతం. దోర్నాల చెక్‌పోస్టులో కాపలా పని చేసే అబ్బాయి ఒకడు, చదువు వచ్చినవాడు, కుదిరేలా ఉన్నాడు. క్రిస్మస్ దాటగానే వాళ్లు ప్రధానానికి వస్తామన్నారు. ఆ పిల్లకు అతని మీద మనసు లేదు. మనసు ఎవరి మీద ఉందో చెప్పడానికి ఆమె ఎంచుకున్న దారి, చదువుకున్నవాళ్లు ఎంచుకునే దారి.

ఒక బుధవారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి ఒక పలక చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. పలక నిండా తెల్లగీతలు.

నా ఒళ్లు మండిపోయింది. మేస్త్రి కూడా నా పలక మీద ఇన్ని గీతలు ఎన్నడూ గీయలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా రాయికి ఇన్ని వంకలు పెడుతుందా! కూటికి కూడా పోకుండా కూర్చున్నాను. తడిపాను, ఇసుక చల్లాను, రుద్దాను. మళ్లీ తడిపాను, మళ్లీ రుద్దాను. నల్లగా, నీళ్లలో తడిసిన ఎనుము వీపులాగా మెరిసింది. టేకు చట్రం వెతికి బిగించాను. మర్నాడు పొద్దున్నే పాకలోకి పోయి, పదిమంది ఆడవాళ్ల ముందు ఆమె ఒడిలో పెట్టాను.

"ఇప్పుడు పెట్టు పిల్లా వంక, చూస్తా!"

ఆమె పలకను ఇటు తిప్పింది, అటు తిప్పింది. ముఖం నల్లబడింది. దాన్ని కొంగు కింద పెట్టుకుని తల దించుకుంది. నా పనితనానికి నోట మాట రాలేదనుకుని, నేను ఈల వేసుకుంటూ వచ్చేశాను.

రెండు రోజులు ఆ పిల్ల నా వైపు చూడలేదు. మూడోరోజు అవ్వే గని అంచుకు వచ్చి, పైనుంచే అందుకుంది.

"ఒరే అబ్బోడా! నా మనవరాలు సిగ్గిడిచి రెండు మాటలు రాసిస్తే, తుడిచి మొఖాన పెట్టినావంటనే! ఇష్టం లేకుంటే నోటితో చెప్పరాదా? దానికి అంత నునుపు చేయాల్నా?"

సుత్తి చేతిలోంచి జారి కాలి మీద పడింది. కుంటుకుంటూనే పాకకు పరుగెత్తాను. దారిలోనే మంచి అబద్ధం ఒకటి తయారైంది. నా జీవితంలో అంత చక్కని అబద్ధం మళ్లీ పుట్టలేదు.

"ఎవరి కంట్లోనన్నా పడుతుందని తుడిచినా పిల్లా. నీ పరువు కోసరం! రాసిందంతా నా గుండెలో ఉంది."

ఆ పిల్ల కళ్లు ఒక్కసారి వెలిగాయి. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే ఏం రాసినా, చెప్పు బావా."

చెప్పడానికి నా దగ్గర నూరు మాటలున్నాయి. ఏ ఒక్కటైనా సరిపోయేదేమో. కానీ ఆ పిల్ల నమ్మడానికి అంత సిద్ధంగా చూస్తుంటే నాలుక లేవలేదు. మొదటిసారి అది నన్ను నడిమధ్యలో వదిలేసింది.

"నాకు అక్షరం ముక్క రాదు" అన్నాను. "తెల్లగీతలు చూసి వంక పెట్టినావు అనుకున్నా."

పాకలో రుద్దుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. చివరికి అంది: "రేపు కూటి వేళకు ఆ పలకపెళ్లల గుట్ట కాడికి రా. బలపం నేను తెస్తా."

మేము మొదట కలుసుకున్నది అదీ. నెత్తిన ఎండ, కింద పగిలిన పలకపెళ్లలు, పది అడుగుల దూరంలో పొగాకు నములుతూ అవ్వ. తెచ్చిన జొన్నసంగటి నా ముందు పెట్టి, గోంగూర పచ్చడి దాని నడుమ పెట్టి, "తిని రాసుకో. ఆకలి మీద అక్షరం ఎక్కదు" అంది ఆ పిల్ల. తిన్నాను. తర్వాత బలపాన్ని ఉలి పట్టుకున్నట్లు పట్టుకున్నాను. బలపం విరిగింది. ఇంకోటి ఇచ్చింది. ఈసారి గట్టిగా నొక్కితే పలకే పగిలింది. గనిలో రాయి పగలగొట్టనివాణ్ణి, 'అ' దగ్గర పగలగొట్టాను.

"రాయిని కొట్టేదానికి కాదు బావా, దాని మీద నడిచేదానికి" అని నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, నా చేతిని తిప్పింది. ఇసుక రుద్ది రుద్ది గరుకెక్కిన చెయ్యి. నాదీ అంతే. రెండు గరుకు చేతులూ కలిసి ఒక నున్నని అక్షరం రాశాయి. అవ్వ దగ్గింది. చేతులు విడిపోయాయి. అక్షరం ఉండిపోయింది.

అవ్వ ఒక మాట చెప్పింది. "క్రిస్మస్ నాడు గుళ్లో అందరి ముందర నిలబడి వాక్యం చదివితే, దోర్నాలోళ్లకు నేనే వద్దని చెప్తా. చదవలేకుంటే నువ్వు మళ్లీ మా గుడిసె వైపు రాకూడదు."

నాకున్నది రెండు నెలలు. రోజూ కూటి వేళ గుట్ట మీదికి పోయేవాణ్ణి. తోటి పనివాళ్లు "ఏం మామా, పలకలు చేసేది చాలక పలక పట్టినావే!" అని ఎగతాళి చేసేవాళ్లు. పట్టించుకోలేదు. అయినా నా బుద్ధి నా బుద్ధే. ఎందుకైనా మంచిదని, క్రిస్మస్ నాడు చదివే వాక్యాన్ని గుడి పంతులు చేత నాలుగుసార్లు చెప్పించుకుని నోటికి పట్టేశాను.

క్రిస్మస్ ఆరాధనలో నా పేరు పిలిచారు. కొత్త పంచె కట్టుకుని ముందుకు పోయాను. పుస్తకం తెరిచాను. చూడకుండానే మొదలుపెట్టబోతుంటే ఆడవాళ్లలోంచి అవ్వ లేచి వచ్చింది. చేతికి దొరికినన్ని పేజీలు తిప్పేసింది. "అది అందరికీ నోటికొచ్చిందేలేరా. ఇది చదువు" అని ఒకచోట వేలు పెట్టింది. పంతుల్ని పక్కన నిలబెట్టింది.

చదివాను. ఒక్కొక్క అక్షరం దగ్గర నిలబడి, రాయిలో పొర కోసం విన్నట్లు విని, అది పలికాక ఇంకో అక్షరం దగ్గరికి పోయాను. ఒక్క వాక్యం చదివేలోపల మొదటి వరుసలో పసిబిడ్డ నిద్రపోయి లేచాడు, గుడి బయట కోడి గుడ్డు పెట్టింది. చివరి మాట దాటాక పంతులు తల ఊపాడు. అవ్వ తన కొంగుతో నా నుదుటి చెమట తుడిచి, తన చోటికి పోయి కూర్చుంది. దోర్నాలకు కబురు ఆ మధ్యాహ్నమే పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కూడు ముందు వాక్యం చదివేది నేనే. మా నలుగురు పిల్లలూ నేను చీల్చిన పలకల మీదే దిద్దారు. ఆ టేకు చట్రం పలక మాత్రం మా ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. పెట్టెలో, పెళ్లికోక మడతలో ఉంది. దాని మీద ఏం రాసిందని ఇప్పటికీ అడుగుతుంటాను. "రాసిందాన్ని రుద్దుకుంటివి. నేనేం చేసేది?" అంటుంది.

ఈ పుటలు నిన్న ఆవిడకు ఇచ్చాను. అరుగు మీద కూర్చుని చదివి, ఒకేచోట పెన్సిలుతో గీత గీసి ఇచ్చింది. ఎనుము దగ్గర కాదు, పులి దగ్గర కాదు. పసిబిడ్డ నిద్రపోయి లేచాడన్న చోట.

"ఇదేంది ఇట్ల రాసినావు?" అంది. "అంత నిదానమేం కాదు. బాగానే చదివినావు ఆ పొద్దు."

ఆ గీతను అట్లాగే ఉంచాను. ఈసారి రుద్దలేదు.