హోట్గి రోడ్డు ఆవిడ

మా అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆస్పత్రిలో పక్క మంచం, మా ఊళ్ళో డబ్బున్నవాళ్ళుండే హోట్గి రోడ్డు ఆవిడది. ఆమెను ఆటో ఇంటి గేటు దగ్గరే ఎక్కించుకునేది. చీర మడత నలగకుండా వచ్చేది. భవాని పేట్‌లో మా సందు గుంతల్లోకి ఏ ఆటో రాదు. అమ్మను బురదలో పెద్ద రోడ్డు దాకా నడిపించాలి. ఆ చీర చూస్తే నాకు కడుపు మండేది.

ఒకసారి గుంతలు మేమే పూడ్చాం. మా సందులో ఊరికే దొరికేది మరమగ్గాల నూలు చెత్త ఒక్కటే. బస్తాలకొద్దీ కుక్కి పైన మట్టి పోశాం. మర్నాడు ఆటో గుమ్మం దాకా రానే వచ్చింది. అమ్మను ఎక్కించుకుని పది గజాలు పోయేసరికి నూలంతా చక్రానికి చుట్టుకుంది. మగ్గం కత్తెరతో కోసి విడిపించడానికి గంట పట్టింది.

ఆలస్యం ఎందుకైందో నర్సుకు చెబుతుంటే, హోట్గి రోడ్డు ఆవిడ అమ్మ కొంగుకు అంటిన పోగు తీసి, "మీ నూలు మస్తు గట్టిగుందమ్మా" అని నవ్వింది. నేను నవ్వలేదు.

తిరిగి వస్తుంటే అమ్మ, "ఆమె మంచిది బిడ్డా" అంది.

"అసొంటి రోడ్డుంటే నేను గూడ మంచిదాన్నే అమ్మా" అన్నాను.