పెబ్బేరు ప్రేమలత కొన్న గిటారు

పెబ్బేరు చుట్టుపక్కల ఎక్కడ బోరు మోటారు కాలినా, రైతులు మోటారు వైండింగ్ షాపుకొచ్చి ముందు అడిగే మాట "అక్క ఉన్నదా?" అని. బోర్డు మీద ఉన్నది సాంసన్ పేరు. మోటారు విప్పి తేవడం, బాగయ్యాక మళ్లీ బోరులోకి దింపి రావడం అతని పని. కాలిన తీగ పెరికి కొత్త తీగ చుట్టేది మాత్రం అతని భార్య ప్రేమలత. పెళ్లయిన కొత్తలో మామ పక్కన కూర్చుని మూడు నెలలు చూసింది. నాలుగో నెల మామ తన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఇగ నువ్వే చుట్టు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత పదిహేడేళ్లుగా ఆ బల్ల ఆమెదే.

ఆమెకు ఇంకో విద్య కూడా ఉంది. ప్రేమలత తల్లిదండ్రులు కాలువలు, సొరంగాలు తవ్వే పనులకు రాష్ట్రాలు పట్టుకు తిరిగినవాళ్లు. పిల్లను వనపర్తి హాస్టల్లో వదిలి వెళ్లేవాళ్లు. అక్కడి వార్డెనమ్మకు గిటారు వచ్చు. సెలవుల్లో అందరూ ఊళ్లకు పోతే హాస్టల్లో మిగిలేది ప్రేమలత ఒక్కతే. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండు ఎండాకాలాలు నేర్పింది. బదిలీ మీద వెళ్తూ గిటారు కూడా ఇచ్చేసి పోయింది. ఇన్నేళ్లుగా ఆదివారం చర్చిలో ప్రేమలత వాయించేది అదే చెక్క గిటారు.

చర్చిలోకి ఎలక్ట్రిక్ డ్రమ్ములు, కీబోర్డు వచ్చాక ఆ గిటారు ఎవరికీ వినపడటం మానేసింది. డ్రమ్ములు వాయించేది సాంసనే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమలత, "ఇయ్యాల నేను మూడు పాటలు వాయించనే లేదు. నీకు తెలిసిందా?" అని అడిగింది. అతనికి తెలియలేదు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు, "ఈ ఎండాకాలం పని మస్తుగొచ్చింది. నీకో కరెంటు గిటారు తెచ్చుకుందాం."

ఆ రాత్రి ప్రేమలత నిద్రపోయిందో లేదో గానీ, సోమవారం షాపు తెరవలేదు. ఇద్దరూ బండి మీద వనపర్తి వెళ్లారు. వాద్యాల షాపు గోపి ఒక గిటారు గోడ మీంచి దింపి ఆమె చేతిలో పెట్టాడు. పండు మిరపకాయ రంగు, అద్దంలా మెరిసే ఒళ్లు, రెండు పక్కలా చిన్న కొమ్ముల్లా వంపు.

"గిది పాత మోడలక్కా. మా నాయన కాలంల కలకత్తాల చేసేటోళ్లు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడ్డది. ఇప్పుడు వేరేటోళ్లు ఆ పేరు కొని, అచ్చం అదే తీరుగ మళ్లీ తీస్తుండ్రు" అన్నాడు గోపి.

తీగ కలిపి స్విచ్ వేశాడు. ప్రేమలత ఒక్క తంతి మీటింది. షాపంతా నిండిపోయింది ఆ శబ్దం. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, ఎవరినో తాకినట్టు. మళ్లీ మీటింది. తర్వాత అరగంట సేపు ఆమెకు షాపులో ఎవరున్నారో గుర్తులేదు. ఏ వేలు ఎక్కడ పెట్టినా పలుకుతోంది. చెక్క గిటారు మీద నొక్కి నొక్కి కాయలు కాచిన వేళ్లకు ఇక్కడ బలమే అక్కర్లేకపోయింది.

"ఇదే తీస్కుందాం" అన్నాడు సాంసన్. "కొత్తది, గ్యారంటీ ఉన్నది. ఇంకేం కావాలె?"

నిజానికి ప్రేమలత కూడా ఆ మాటే అనబోయింది. కానీ ఏళ్లుగా మోటార్లు విప్పిన మనిషి. అచ్చం అలాంటిదే అంటే, ఆ మొదటిదాన్ని ఒకసారి చూడాలనిపించింది.

"ఆ పాతది ఎవరి దగ్గరన్న ఉన్నదా గోపీ?"

గోపి కాసేపు గడ్డం గోక్కున్నాడు. చెబితే తన బేరం పోవచ్చు, దాచినా అడిగేవాళ్లు లేరు. అయినా చెప్పాడు. "గద్వాలల ఆశీర్వాదం సారని ఉన్నడక్కా. రైల్వేల పనిచేసి రిటైరైండు. రాయచూరు ఆర్కెస్ట్రాల వాయించేటోడు. అమ్ముతనని పోయిన నెల నాకు ఫోన్ చేసిండు. పాత సామాను నేను కొననని చెప్పిన."

సాంసన్ ఏదో అనేలోపే ప్రేమలత బండి దగ్గరికి నడిచింది.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలికి ఆమె కొంగు సాంసన్ మొహాన కొడుతుంటే, అతను అరిచి చెబుతున్నాడు, "యాభై ఏండ్ల సామాను లతా. మనం పాత మోటారు కొంటమా ఎప్పుడన్న?"

"చూస్తే ఏం పోతది?" అని ఆమె కూడా అరిచింది.

ఆశీర్వాదానికి డెబ్బై నాలుగేళ్లు. భార్య పోయాక, రైలుపట్టాలకు దగ్గరలో రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. వందనాలు చెప్పి, పేరు, ఊరు, చర్చి అన్నీ అడిగి తెలుసుకుని, మంచం కింది నుంచి దుప్పట్లో చుట్టిన మూట తీశాడు. అదే వంపు, అవే కొమ్ములు. కానీ ఎరుపు కాస్తా ఇటుక రంగుకు దిగింది. ముంజేయి ఆనే చోట రంగంతా అరిగి చెక్క బయటపడింది.

"పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిల కొన్న. దీన్తోని వాయించని పెండ్లి లేదు ఈ పక్కన. ఇప్పుడు వేళ్లు మాట వింటలేవు" అని చేతులు చూపించాడు. కీళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఒక్కటి ముందుగాలనే చెప్తున్న బిడ్డా. తంతుల కింద రెండు డబ్బీలు ఉన్నయి చూడు, ఇవి శబ్దం పట్టేవి. మెడ కాడిది మంచిగనే ఉన్నది. కిందిది ఇరవై ఏండ్ల కింద నోరు మూసింది. తంతులు బిగించే చెవులు కూడా జారుతయి, ఊకె శృతి చేసుకోవాలె."

ప్రేమలత ఒళ్లో పెట్టుకుని మీటింది. కొత్తదానంత గట్టిగా మోగలేదు. కానీ మీటిన స్వరం వెంటనే పోలేదు. కొంచెం బొంగురుగా, పాడి పాడి అలిసిన మనిషి గొంతులా, ఆగి ఆగి దిగింది. ఎదురుగా కూర్చున్న సాంసన్ కాళ్లు ఊపడం ఆపేశాడు.

"కొత్తది చూసిన్రా?" అని అడిగాడు ఆశీర్వాదం.

"పొద్దుగాల చూసినం సారు. అది కూడా మంచిగున్నది. ఏది తీస్కోవాల్నో తెలుస్తలేదు."

"ఒక్కొక్కటి ఒక్కో కాడ వింటే ఏం తెలుస్తది? రెండూ ఒక్క కాడ పెట్టి విను. రేపు దీన్ని పట్టుకొని నేనే వస్త వనపర్తికి. నాకూ జర చూడాలనున్నది, ఆ కొత్తోళ్లు ఏం చేసిండ్రో." ధర గురించి ఒకే మాట అన్నాడు. "షాపాయన కొత్తది ఎంతకిస్తే, ఇది అంతకే. పరేషాన్ లేకుంట మనసుతోని చూస్కో."

మరునాడు పది గంటలకల్లా నలుగురూ గోపి షాపులో ఉన్నారు. ముసలాయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, దుప్పటి మూటతో బస్సు దిగాడు. గోపి రెండు గిటార్లనూ ఒకే స్పీకరుకు మార్చి మార్చి కలిపాడు. ప్రేమలత ఒకే పాట ముందు కొత్తదాని మీద, తర్వాత పాతదాని మీద వాయించింది. మళ్లీ తిరగేసి వాయించింది. సాంసన్‌ను గోడ వైపు తిప్పి నిలబెట్టి, ఏది ఏదో చెప్పమంది. అతను మూడుసార్లూ సరిగ్గా చెప్పాడు.

"పాతది ఏడుస్తున్నట్టు ఉంటది, కొత్తది నవ్వుతున్నట్టు" అన్నాడు.

"మరి ఏది మంచిగున్నది?"

సాంసన్ ఇటు తిరిగి రెండు గిటార్లనూ చూశాడు. "నిన్నటిదాంక కొత్తదే అన్న. ఇప్పుడు నన్ను అడగకు."

ఆమె మనసు అటూ ఇటూ ఊగుతోంది. కొత్తదానికి ఒక్క లోపం లేదు. శృతి జారదు, గుయ్యిమని రొద చేయదు, రెండు డబ్బీలూ పలుకుతాయి. పాతది సగం పలకదు. ఆ సగం బాగవుతుందా అని గోపిని అడిగింది.

"మన దగ్గర కాదక్కా. హైదరాబాదు పంపాలె, లేకుంటే అది తీసేసి కొత్తది బిగియ్యాలె. కొత్తది బిగిస్తే ఇగ పాత గిటారని ఎట్లంటం?"

"ఒకసారి విప్పి చూపిస్తవా?"

గోపి నాలుగు మరలు తీసి డబ్బీ పైకెత్తాడు. ప్రేమలత వంగి చూసింది. ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ, వేల చుట్లు. ఆమె మొహం మారిపోయింది. గోపి దగ్గరున్న మీటరు తీసుకుని, కాయిల్ రెండు కొసలకు దాని తీగలు ఆనించింది. ముల్లు కదల్లేదు.

"కాయిల్ తెగింది" అంది మెల్లగా. తర్వాత సాంసన్ వైపు తిరిగింది. నవ్వు ఆగడం లేదు. "ఏమయ్యా, ఇది వైండింగే. మన పనే."

సాంసన్ కూడా వంగి చూశాడు. "గింత సన్నం తీగ నువ్వెప్పుడన్న చుట్టినవా?"

"లేదు. చుడ్త."

అంతే, అక్కడ తేలిపోయింది. కొత్తదానిలో తాను చేయగలిగింది ఏమీ లేదు. పాతదానికి మాత్రం తన చెయ్యి కావాలి. "సారు, నేను మీదే తీస్కుంట" అని చెప్పడానికి ఆశీర్వాదం కోసం చూసింది.

ఆయనకు ఈ మాటలేవీ వినపడలేదు. షాపు మూల స్టూలు మీద కూర్చుని, కొత్త గిటారు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. దాని మెడ సన్నం, తంతులు చెక్కకు బాగా దగ్గర. ఊరికే ఆనించినా చాలు, పలుకుతోంది. ఉబ్బిన వేళ్లు మొదట తడబడ్డాయి. తర్వాత ఒక పాత పెళ్లి పాట రాగం, మెల్లగా, తప్పులతో, చివరిదాకా వచ్చింది. గోపి కౌంటరు మీద మోచేతులు ఆనించి వింటున్నాడు.

"చెన్నాగిదె" అన్నాడు ముసలాయన, రాయచూరు రోజుల కన్నడంలో, బాగుందని తనలో తానే. తలెత్తి అందరూ తనను చూస్తున్నారని గమనించి సిగ్గుపడ్డాడు. "ఆరేండ్లాయె ఒక్క పాట పూర్తిగ వాయించక. తప్పు వేళ్లదే అనుకున్న."

ప్రేమలత డబ్బు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూసి, కొత్త గిటారును చూసి, కౌంటరు దగ్గరికి పోయి గోపి ముందు పెట్టాడు. "ఇది నాకియ్యి" అన్నాడు. సంచీ ఉచితంగా ఇస్తానన్నాడు గోపి. ముసలాయన దుప్పటి చాలన్నాడు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. సాంసన్ కర్నూలు పోయి సన్న తీగ చుట్ట తెచ్చాడు. ఎన్ని చుట్లు వేయాలో ఎవరికీ తెలియదు. మోటార్లకు ఏం చేస్తారో ప్రేమలత అదే చేసింది. పాత తీగ మొత్తం విప్పి, తూకం వేసి, అంతే బరువు కొత్త తీగ చుట్టాలనుకుంది. తమ షాపు కాటా మీద పెడితే అది ముల్లు కూడా కదపలేదు. చివరికి బంగారం పనిచేసే బుచ్చన్న దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన తీగ ఉండను తక్కెట్లో పెట్టి, "ఏం నగ చేయిస్తున్నవమ్మా దీన్తోని?" అని అడిగాడు. గిటారు అంటే నమ్మలేదు.

మొదటిసారి సగంలో తీగ తెగింది. రెండోసారి ఇంకొంచెంలో పూర్తవుతుందనగా తెగింది. ఆమె లేచి మొహం కడుక్కుని, టీ తాగి, ఫ్యాన్ ఆపించి మళ్లీ కూర్చుంది. మూడోసారి తీగ చుట్టే చేతి మిషను పిడిని ఊపిరంత మెల్లగా తిప్పింది. బోరు మోటారు పట్టుకుని వచ్చిన ఒక వీపనగండ్ల రైతు గడప దగ్గరే నిలబడిపోయాడు. సాంసన్ వేలితో మాట్లాడొద్దని సైగ చేశాడు. చివరి చుట్టు పడ్డాక కొసలు అతికి, మీటరు పెట్టింది. ముల్లు లేచింది.

"నడుస్తుందా?" అన్నాడు రైతు, అదేమిటో తెలియకపోయినా.

గిటారులో బిగించి కలిపితే కింది డబ్బీ గల్లుమని పలికింది. కానీ రెండూ కలిపి పెడితే శబ్దం పీలగా, డబ్బాలో మాట్లాడినట్టు వచ్చింది. సాంసన్ మొహం వాడిపోయింది. ప్రేమలత ఒక నిమిషం ఆలోచించి నవ్వింది. "మోటారు ఉల్టా తిరిగితే ఏం చేస్తం?" రెండు డబ్బీలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయని, కొత్త కాయిల్ కొసలు రెండూ ఇటుది అటు మార్చి అతికింది. ఈసారి మీటితే షాపులో రేకులు అదిరాయి.

ఆమె వెంటనే ఆశీర్వాదానికి ఫోన్ చేసి, ఫోన్‌ను స్పీకరు ముందు పెట్టి వాయించింది.

"రెండు డబ్బీలు కలిపినవా బిడ్డా?" అన్నాడు ఆయన. "ఆ గొంతు నేను మరిచేపోయిన. ఆదివారం మీ చర్చికి రావచ్చునా నేను? నా గిటారు కూడా పట్టుకొస్త."

ఆదివారం ఆయన మొదటి బస్సుకే వచ్చాడు. పాస్టరుగారిని అడిగితే రెండు పాటలే అన్నారు గానీ, రెండో పాట అయ్యాక జనం కూర్చోలేదు. ప్రేమలత ఇటుక రంగు గిటారుతో రాగం ఎత్తుకుంటే, ఆశీర్వాదం పక్కన కుర్చీలో కూర్చుని మిరపకాయ రంగు గిటారుతో అందుకున్నాడు. వెనక డ్రమ్ముల దగ్గర సాంసన్, తన భార్య వాయించే ప్రతి స్వరం వింటూ తాళం ఒకచోట తప్పాడు. ఆమె తల తిప్పి చూసింది. ముసలాయన మాత్రం తల ఎత్తలేదు. నాలుగో పాటకు ఏ శృతో చెప్పమని చేత్తో అడుగుతున్నాడు.