ఆరంగ్ చేలో మూడో కడియం

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా ముప్పై ఏళ్లు చేశాను. దీపం ఆరితే ఫ్యూజు చూస్తాను తప్ప పూజ చేయించను. కాలనీలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు జ్వరం ఉందేమో చూడమనే మనిషిని. ఇది చదివి ముసలాడికి మతి పోయిందనుకుంటే అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తుంటే భయం వేయడం లేదు, రోత పుడుతోంది.

మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. నాన్న ఉద్యోగంతో రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఎనభైల్లో ఒక రేడియో పత్రికలో బొమ్మ చూసి మెటల్ డిటెక్టర్ ఒకటి చేసుకున్నాను. వెదురు కర్ర చివర రాగితీగ చుట్ట, రెండు ట్రాన్సిస్టర్లు, చెవికి పెట్టుకునే ఫోను. నేలలో లోహం ఉంటే కూత మారుతుంది. వరికోతలు అయ్యాక ఆదివారాలు మందిర్ హసౌద్ వైపో ఆరంగ్ వైపో బస్సెక్కేవాణ్ణి. పాత రాగి నాణెం ఒక్కటి దొరికితే ఆ వారమంతా నాకు పండగే.

ఒక నియమం మాత్రం పెట్టుకున్నాను. అడగకుండా ఎవరి చేలోనూ కాలు పెట్టకూడదు. మొదటిసారి మెషిన్ లేకుండానే వెళ్లి, వాళ్ల అరుగు మీద కూర్చుని, నేనెవరో, ఎక్కడ పనిచేస్తానో చెప్పేవాణ్ణి. జానెడు లోతుకు మించి తవ్వను, గుంట పూడ్చి వెళ్తాను, ఏది దొరికినా ముందు మీకే చూపిస్తాను, పాతకాలపుదైతే ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీకి చెబుదాం అని హిందీలో కాగితం కూడా రాసి ఇచ్చేవాణ్ణి. చాలామంది పొమ్మనేవారు. ఒకాయన నన్ను ఇన్‌కంటాక్సు మనిషి అనుకున్నాడు. ఇంకొకాయన లంకెబిందెల కోసం కోడిని కోస్తావా అని అడిగాడు. పొమ్మంటే వచ్చేసేవాణ్ణి. వాళ్ల నేల, వాళ్ల ఇష్టం.

ఆరంగ్ దాటాక ఒక ఊళ్లో ఒక ముసలావిడ ఒప్పుకుంది. ఊరంతా ఆమెను దాయి అనేవారు, అంటే అమ్మ అని. కొడుకు భిలాయిలో కూలిపని చేస్తాడు, ఈవిడ ఒక్కతే ఉంటుంది. నా కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. నా వెంట వచ్చి గట్టు గట్టూ నడిచి హద్దులు చూపించింది. తూర్పు మూల చిన్న మట్టి దిబ్బ, చుట్టూ రాళ్లు. వానలకు సగం కరిగిపోయి ఉంది. అక్కడ ఆగి, "మోర్ బహూ ఉహాం సుతే హే" అంది. నా కోడలు అక్కడ పడుకుంది అని. వాళ్లు కబీర్ పంథీలు, పోయినవాళ్లను పాతిపెడతారు. ఆ దిబ్బ జోలికి రానని ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పాను.

తర్వాతి ఆదివారం మెషిన్‌తో వెళ్లాను. నా ఖర్మ కాలి మా బావమరిది సూర్యాన్ని వెంట తీసుకెళ్లాను. రైస్ మిల్లులో పని అతనికి. నోరు మంచిదే, చెయ్యే మంచిది కాదు. నేను అనుమతి అడగడం అతనికి నవ్వులాట. బస్సులో కూడా, "ఏటి బావా, ఖేత్‌కి కూడా పర్మిసనేటి? భూమికి నోరున్నాదేటి, వద్దని సెప్పడానికి?" అన్నాడు. దిబ్బ సంగతి చెప్పి, అటు పోవద్దన్నాను. బుద్ధిమంతుడిలా తలూపాడు.

మధ్యాహ్నం దాకా నాలుగు మేకులు, ఒక గుర్రపు నాడా ముక్క దొరికాయి. దాయి అన్నానికి పిలిచింది. సూర్యం ఆకలి లేదని చేలోనే ఉండిపోయాడు. ఆవిడ నాకు బాసీ పెట్టింది. మన చద్దన్నమే, ఉల్లిపాయా పచ్చిమిరపకాయతో. తింటుంటే కోడలి సంగతి చెప్పింది. కాన్పులో పోయి మూడేళ్లయిందట. అప్పటికి కాళ్లు బాగా వాచి ఉన్నాయి. వెండి కడియాల్లో ఒకదాన్ని కొడుకు పట్టకారుతో విడదీసి లాగాడు, దాని మీద గాటు పడింది. రెండోదాన్ని ముట్టుకోవడానికి అతనికి చేతులు రాలేదు. దాన్ని అలాగే ఉంచి పాతిపెట్టారు. తీసిన కడియాన్ని ఆవిడ పండగకీ పండగకీ బూడిదతో తోమి మళ్లీ పెట్టెలో దాచుకుంటుంది. కోడలి గుర్తుగా ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే.

నేను చెయ్యి కడుక్కుని చేలోకి వచ్చేసరికి సూర్యం కాలువ దగ్గర గొంతుక్కూచుని ఏదో తోముతున్నాడు. నన్ను చూసి టిఫిన్ క్యారియర్ గిన్నెలో వేసి మూత పెట్టేశాడు. పొద్దున్న మా ఆవిడ పులిహోర పెట్టి ఇచ్చిన గిన్నె అది. మూత తీశాను. రెండు వెండి కడియాలు, ఇసుకతో తోమి తెల్లగా చేసినవి. దిబ్బ వైపు చూస్తే రాళ్లు పక్కకు పడి ఉన్నాయి, మట్టి తిరగేసి ఉంది. అతని గోళ్లలో అదే మట్టి. వాసన కూడా వచ్చింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నేను ఆవిడ పెట్టిన అన్నం తింటుంటే, నేను తెచ్చిన మనిషి ఆవిడ కోడలిని తవ్వుతున్నాడు. ఆ గట్టు మీదే కక్కుకున్నాను.

సూర్యాన్ని మెడ పట్టుకుని దాయి దగ్గరికి లాక్కెళ్లాను. కడియాలు చాప మీద పెట్టి ఆవిడ కాళ్ల మీద పడ్డాను. ఆవిడ తిట్టలేదు. వాటిని వేలితో లెక్కపెట్టి, మట్టిలో పెట్టింది ఒకటే కదా అంది. లోపలికి వెళ్లి చెక్కపెట్టె తెచ్చి మా ఎదుటే తాళం తీసింది. గుడ్డలో చుట్టిన కడియం అందులోనే ఉంది.

చేత్తో చేసిన వస్తువులు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవని ఫిట్టరు పని చేసిన ప్రతివాడికీ తెలుసు. మూడింటినీ పక్కపక్కన పెట్టాను, తిప్పి తిప్పి చూశాను, ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను. కొసలు అరిగిన తీరు మూడింటికీ ఒకటే. పట్టకారు గాటు మూడింటి మీదా ఉంది, అదే చోట, అదే వాలుగా. మట్టిలోకి వెళ్లినదాన్ని అసలు ఏ పట్టకారూ ముట్టుకోలేదు.

సూర్యం నా చెవి దగ్గరికి వంగాడు. "బావా, ఒకటి ఎక్కువున్నాది గదా. ఆ ఎగస్ట్రాది మనం ఉంచీసుకుందుమా?"

ఇన్నేళ్లయినా ఆ మాట మరవలేదు. మా ఆవిడ తమ్ముడు కాబట్టి ఇంటికొస్తే కుర్చీ వేస్తాను, అంతే.

అప్పుడు దాయి నన్ను అడిగింది. "ఏమా మోర్ వాలా కోన్ హరయ్, బాబూ?" వీటిలో నాది ఏది, అని.

చెప్పలేకపోయాను. పోల్చి చూడాలన్న ఆత్రంలో మూడింటినీ కలిపేసింది నేనే. ఆవిడ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది, బుగ్గకు ఆనించుకుంది, గాటును బొటనవేలితో తడిమింది. ఆవిడకూ తెలియలేదు. మట్టికి ఇచ్చినది ఇంట్లో ఉండకూడదు, ఏది మట్టిదో తెలియదు కాబట్టి మూడూ వెళ్లాల్సిందే అంది. కొంగులో వేసుకుని దిబ్బ దగ్గరికి నడిచింది. గుంటలో పెట్టి తన చేతులతోనే మట్టి కప్పింది. సాయం చేయబోతే వద్దంది.

తర్వాత భిలాయి వెళ్లి ఆవిడ కొడుకును కలిశాను, క్షమాపణ అడగడానికీ, ఈ లెక్క తేల్చుకోవడానికీ. చేయించింది ఒక్క జతే, తీసింది ఒక్కటే అన్నాడు. సూర్యాన్ని అడిగితే రెండూ ఒకే కాలి ఎముకకు ఉన్నాయని ఒట్టేస్తాడు. అతని ఒట్టు విలువెంతో నాకు తెలుసు. కానీ ఆ విషయంలో అబద్ధమాడి అతనికి ఒరిగేదేమిటో మాత్రం తెలియదు.

మూడో కడియం ఎక్కడినుంచి వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. ఆవిడ పెట్టె ఖాళీ అయింది మాత్రం మా వల్లే.