రెండక్క లెక్క

ఆ నొప్పుల ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. డాక్టర్లకైనా రోగులకైనా ఆమె రెండక్కే. నడుము పట్టేసినవాళ్లను కుర్చీలోంచి లేపి మంచం మీదికి చేర్చే ఆయా. "మూడు అనగానే లేద్దాం" అని నమ్మకంగా చెబుతుంది. ఒకటి అంటుంది, రెండు అంటుంది, రెండుకే లేపేస్తుంది. మూడు కోసం మనిషి బిగుసుకుంటాడనీ, బిగుసుకుంటే నొప్పి రెట్టింపవుతుందనీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా వేలమందిని ఇలా మోసం చేస్తే ఒక్కరూ తిట్టలేదు. అలాంటి మోసగత్తెలు ఊరికి నలుగురుంటే ఎంత బాగుండును!

నొప్పి వైద్యుల సంఘం ఏడాదికోసారి పెద్ద హోటల్లో విందు సమావేశం పెడుతుంది. ఈసారి ఆసుపత్రిని స్థాపించిన పెద్ద డాక్టరుగారికి సన్మానం. "నువ్వు రాకపోతే నేనూ రాను" అని ఆయనే ఫోన్ చేశాడు. కూతురి కొత్త చెప్పులు అరువు తీసుకుని వెళ్లిన రెండక్క, తన పళ్లెం పక్కన మూడు ఫోర్కులు చూసి, వీళ్లకి చేతులెన్నో అనుకుంది.

ఒక కుర్ర డాక్టరు తెర మీద బొమ్మలు వేసి, రోగి చెప్పని నొప్పిని ఎలా కనిపెట్టాలో అరగంట చెప్పాడు. ఆ అరగంటా రెండక్క చూపు పెద్ద డాక్టరు మీదే ఉంది. ఆయన బరువంతా కుడివైపే వేసి కూర్చున్నాడు. ఎడమచెయ్యి బల్ల అంచును వదల్లేదు. సూప్ చల్లారిపోయింది. అటూ ఇటూ నలభైమంది నొప్పి డాక్టర్లు నవ్వుతూ తింటున్నారు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

ఆమె వెళ్లి ఆయన చెవి దగ్గర వంగింది. "ఎన్నాళ్ల నుంచి సార్?"

"నాలుగు నెలలు. తుంటి. ఎవరికీ చెప్పకు."

"ఇక్కడున్నోళ్లందరి పనీ అదే కదా సార్!"

"అందుకే చెప్పలేదు. నొప్పి దాచకూడదని పాతికేళ్లు వీళ్లకి పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? పిలిచేలోపు వెళ్లిపోదామనుకున్నా. లేవడమే చేతకావట్లేదు."

ఆమె ఆసుపత్రికి వచ్చిన కొత్తలో ఒక డాక్టరు "లెక్క కూడా రాదా?" అని కసిరితే, "ఆమె లెక్కే మీరందరూ నేర్చుకోండి" అని వార్డంతా వినేలా చెప్పి ఆ పేరు పెట్టింది ఈయనే. అలాంటి మనిషి శిష్యుల ముందు కుర్చీలో చిక్కుకుపోవడం ఆమె చూడలేకపోయింది.

అంతలో మైకులో ఆయన్ని పిలిచారు. హాలంతా లేచి చప్పట్లు మొదలుపెట్టింది. రెండక్క కుర్చీ వెనక్కి జరిపి, ఆయన బూట్లకు తన పాదం అడ్డుపెట్టి, చంక కింద చెయ్యి వేసింది.

"మూడుకి లేద్దాం సార్."

"నా దగ్గరా నీ ఆటలు? రెండుకే కదా లేపుతావు!"

"ఒకటి" అంది. ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన నిలబడి ఉన్నాడు.

ఆయన తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వాడు. ఆమె భుజం పట్టుకునే మైకు దాకా నడిచాడు. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోంచి తియ్యనేలేదు.

"నాకు తుంటి నొప్పి. నాలుగు నెలలుగా దాచాను. తప్పు నాదే. కానీ ఇందాకటి నుంచి మీ మధ్యే కూర్చున్నాను కదా, ఈవిడ తప్ప ఎవరూ చూడలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. ఉపన్యాసం చెప్పిన కుర్ర డాక్టరు ఎర్రబడిన మొహంతో కుర్చీ పట్టుకొచ్చాడు. రెండక్క మళ్లీ చంక కింద చెయ్యి వేసి, ఒకటి, రెండు, మూడు అని నిదానంగా, పూర్తిగా లెక్కపెట్టి ఆయన్ని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు మూడు దాకా వచ్చిందేం?" అన్నాడాయన.

"లేపేటప్పుడే సార్ మోసం. దించేటప్పుడు చెయ్యకూడదు."

ఆయన కుదురుకునేదాకా హాల్లో ఒక్కరూ కూర్చోలేదు.