చచ్చు చెయ్యి

పేకాటలో రెండు నల్ల ఆసులు, రెండు నల్ల ఎనిమిదులు పడితే దాన్ని ‘చచ్చినోడి చెయ్యి’ అంటారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందని అమెరికాలోని డకోటా కొండల్లో ఎవరినైనా అడిగితే ఇక ఆ పూట వేరే పని ఉండదు. పక్క లోయవాళ్లు తమ ఊళ్లో ఆట మధ్యలో తూటా తిన్న పిస్తోలు మొనగాడి కథ చెబుతారు. రైలు కూడలివాళ్లు ఇల్లు పందెం ఒడ్డి గుండె ఆగి పోయిన జడ్జీ కథ చెబుతారు. గని ఊరు స్లేట్ గల్చ్‌లో మాత్రం జోరీ ట్రెంబాత్ పేరు చెబుతారు. వీళ్లకు సాక్షి కూడా ఉంది, జోరీ భార్య కెజయా. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు, చెప్పించినవాడికి ఇంకా బాగా తెలుసు.

జోరీ మొనగాడూ కాదు, జూదరీ కాదు. సముద్రం దాటి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాడు. రాతిలో పెట్టిన మందు ముందే పేలి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. మిగిలినవాటిలో స్పర్శ లేదు. శనివారం సాయంత్రం బారులో పేక పట్టుకుంటే ఆ వేళ్లు బిగుసుకుపోయేవి. ముక్క దించాలంటే చేతిని బల్ల కిందికి తెచ్చి, మోకాలికి ఆనించి, ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకునేవాడు.

“ఒరే చచ్చు చెయ్యీ, తెల్లారేలోగా దించుతావా?” అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు.

“నా చెయ్యి చస్తే చచ్చింది, నీ జేబు మాత్రం బతకదు చూస్కో,” అనేవాడు జోరీ.

ఆ బారులో ఒక కట్టుబాటు ఉంది. ముక్కలు చూపించే వేళ అందరి చేతులూ బల్ల మీదే ఉండాలి. జోరీ ఒక్కడికే మినహాయింపు. అది ఊరందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన గని మేనేజరు బావమరిదికి తెలియదు. జోరీ చెయ్యి బల్ల కిందికి పోగానే అతను కాల్చేశాడు. విచారణలో నోరు విప్పితే పని పోతుందని స్నేహితులందరూ బెల్లంకొట్టిన రాళ్లయ్యారు. జోరీ ముక్కలు దాస్తున్నాడని తేలింది. మోసగాడికి చర్చి ఆవరణలో చోటు లేదన్నాడు పాస్టరు. కంచె బయట పాతిపెట్టారు. అంతకుముందే మశూచితో పోయిన జోరీ చిన్నకూతురు కంచె లోపల ఉంది. తండ్రికీ కూతురికీ మధ్య ఆ కంచెను చూస్తూ కెజయా ముసలిదైంది. ఆ కంచె దాటించడమొక్కటే ఆమెకు మిగిలిన కోరిక.

ఈలోగా చచ్చినోడి చెయ్యి పుట్టిన చోటు చూద్దామని రైళ్ల నిండా జనం పక్క లోయకు పోవడం మొదలుపెట్టారు. బారు యజమాని అన్సెల్ గ్రబ్‌కు కడుపు మండింది. కెజయా అతని బారులోనే నేల తుడుస్తుంది.

“కెజయా అత్తా, శవానికి స్నానం చేయించింది నువ్వేగా? పిడికిట్లో రెండు నల్ల ఆసులు, రెండు నల్ల ఎనిమిదులు ఉన్నాయని పేపరాయనతో ఒక్క మాట చెప్పు చాలు.”

“పిడికిట్లో ఏం లేదు, అన్సెల్. నెత్తురుంది.”

“ఆసులున్నాయనుకో. అప్పుడు మావ మోసగాడు కాడు, మహా ఆటగాడు. పాస్టరుతో నేను మాట్లాడతా. పిల్ల పక్కనే పడుకోబెడదాం.”

కెజయా కొన్నాళ్లు నలిగింది. చివరికి చెప్పింది. పాపమని తెలిసే చెప్పింది. ఆమెను తప్పుపట్టే హక్కు ఆనాడు నోళ్లు మూసుకున్నవాళ్లకు లేదు, నాకూ లేదు.

అన్సెల్ మాట తప్పలేదు. మనుషుల్ని పెట్టి తవ్వించాడు. కూతురి పక్కన తీసిన గుంట దగ్గర నిలబడ్డ కెజయా దగ్గరికి మేకులు కొట్టేసిన కొత్త శవపెట్టె వచ్చింది. దాని మీద చెయ్యి పెట్టి భోరున ఏడ్చింది. ఆ రోజు ఆమె నిజంగా సంతోషపడింది.

సోమవారం పనికి వెళ్లేసరికి బారులో గోడవారగా అద్దాల పెట్టె ఉంది. లోపల ముఖమల్ గుడ్డ, నాలుగు పేకముక్కలు, వాటి మీద ఎముకల చెయ్యి. రెండు వేళ్లు లేవు.

“మనిషిని లోపలికి చేర్చానా లేదా?” అన్నాడు అన్సెల్. “చెయ్యొక్కటే కదత్తా. అదెలాగూ చచ్చిందేగా.”

 ఆదివారం ఊరంతా ప్రార్థనలో ఉండగా కెజయా అద్దం ఎత్తి, చేతిని ఏప్రనులో చుట్టుకుని పోయింది. జోరీ సమాధి మట్టి గోళ్లతో తవ్వి, అందినంత లోతున పాతింది. “ఇప్పుడు పిల్లను పట్టుకో,” అంది.

అన్సెల్ కేకలేస్తాడనుకుంది. అతను ఖాళీ పెట్టె మీద గుడ్డ కప్పేశాడంతే. రెండు రోజుల తర్వాత ఆమె బకెట్టుతో వచ్చేసరికి అద్దాల పెట్టె ముందు రైలు దిగిన పైఊరి జనం. ముఖమల్ మీద మళ్లీ చెయ్యి. ఈసారి అయిదు వేళ్లూ ఉన్నాయి. నాజూకైన వేళ్లు. ఆడమనిషివో, ఎదిగీ ఎదగని బిడ్డవో.

 కెజయా అరిస్తే అన్సెల్ నోరు విప్పుతాడు, ఆమె ప్రమాణం అబద్ధమని తేలుతుంది. తేలితే జోరీ మళ్లీ కంచె బయటికి పోతాడు.

“ఎవరిదిది అన్సెల్?” అంది నెమ్మదిగా.

“చచ్చినోళ్లదే అత్తా,” అన్నాడతను గ్లాసు తుడుచుకుంటూ. “ఆ అద్దం మీద వేలిముద్రలు పడ్డాయి, కాస్త చూడు.”

కెజయా బకెట్టు కింద పెట్టి, గుడ్డ పిండుకుని, అద్దం తుడిచింది.